మిర్యాలగూడ దూరం జరిగింది

పని మానేసి ఇంట్లో కూర్చున్నాక కూడా నెలకోసారైనా నా పాత రిపేరు షెడ్డు వైపు పోతుంటాను. ఇప్పుడు అక్కడ పని చేసేవాళ్లు కుర్చీ వేస్తారు, టీ తెప్పిస్తారు. టీ సగం అయ్యేలోపు ఎవరో ఒకరు అడుగుతారు: "మేస్త్రీ, నీ సర్వీసుల నిన్ను మస్తు సతాయించిన బండి ఏది?" పెద్ద లారీ ఇంజను కథో, బావిలో పడ్డ జీపు కథో చెబుతానని వాళ్ల ఆశ. నేను చెప్పేది మాత్రం ఒక ముసలి వ్యాను కథ. ఆ వ్యానులో నేను బాగుచేసిన ప్రతి వస్తువూ అంతకుముందే బాగుంది. బాగులేనిది ఒక్కటే, దాని జోలికి నేను పోలేదు.

ఆ వ్యాను సూర్యాపేటలోని ఒక బ్యాండు మేళం వాళ్లది. క్లారినెట్ వాయించే ఆయనే మేళానికి పెద్ద. అందరూ మాస్టరు అంటారు, నేనూ అలాగే అంటాను. సన్నటి మనిషి, మీసానికి రంగు, ఎర్ర కోటు మీద బంగారు రంగు జరీ. డీజేలు వచ్చాక పెళ్లిళ్లలో బ్యాండు అడిగేవాళ్లు తగ్గిపోయారు. అడిగేవాళ్లు కూడా ఎదుర్కోలు దగ్గర కాసేపు, బరాత్‌లో కాసేపు వాయిస్తే చాలంటారు. అందుకని మాస్టరు ఒకే రోజు రెండు ఊళ్లు ఒప్పుకునేవాడు. పొద్దున ఒక పెళ్లి, సాయంత్రం ఇంకో ఊరేగింపు. ఆ రెండు ఊళ్లనూ కలిపేది ఆ వ్యానే. అది ఆగితే మేళం ఆగినట్టే.

వ్యాను నడిపేది ఒక పాత లారీ డ్రైవరు. లారీ మీద ఉన్న రోజుల్లో ఒకసారి సాగర్ కాలువలోకి దిగి, లారీని అక్కడే వదిలి ఈదుకుంటూ బయటపడ్డాడట. ఇంటికి వచ్చాక భార్య అతని చెయ్యి తన నెత్తిన పెట్టించుకుని, మీటరు ముల్లు అరవై దాటితే నన్ను చంపినట్టే అని ఒట్టు వేయించుకుంది. అప్పటినుంచి అతను నడిపే ఏ బండిలోనూ ముల్లు అరవై దాటలేదు. అయితే అరవైకి తగ్గడం కూడా అతనికి నామోషీ. ఖాళీ రోడ్డు దొరికితే ముల్లును అరవై మీద నిలబెట్టి, పటం ముందు దీపాన్ని చూసుకున్నంత శ్రద్ధగా చూసుకుంటూ నడిపేవాడు.

ఒకనాడు కోదాడ నుంచి వస్తుంటే మునగాల దగ్గర వ్యాను వెనక టప్పుమని చప్పుడైంది. తర్వాత రేకు డబ్బాలో గులకరాళ్లు వేసి ఊపినట్టు మోత. మెల్లగా లాక్కొచ్చి నా షెడ్డులో పెట్టారు. వెనక ఇరుసు మధ్యలో ఇనుప గుండు లాంటి డబ్బా ఒకటి ఉంటుంది. ఇంజను శక్తిని తీసుకొచ్చే పొడుగాటి షాఫ్టు అందులోకి దిగుతుంది. లోపల చిన్న పళ్ల చక్రం పెద్ద పళ్ల చక్రాన్ని తిప్పితే బండి కదులుతుంది. విప్పి చూస్తే పెద్ద చక్రానికి సగం పళ్లు లేవు. ముక్కలై నూనె అడుగున పడి ఉన్నాయి.

ఆ వ్యాను తయారీ ఎప్పుడో ఆగిపోయింది, కొత్త సామాను దొరకదు. కోదాడలో ఉన్న నా బామ్మర్దికి ఫోన్ చేశాను. మా ఆవిడకు తమ్ముడు. పాత బండ్లు కొని, విప్పి, సామాను అమ్ముకుంటాడు. కోదాడ మాట కదా, నెమ్మదిగా, మర్యాదగా ఉంటుంది. ఆ మర్యాదకే నేను చాలాసార్లు మోసపోయాను.

"ఉంది బావగారూ. డబ్బా మొత్తం ఉంది. అచ్చం అదే, కవల పిల్లలనుకోండి" అన్నాడు.

"నంబరు సూసినవా?"

"నంబరు మీద మట్టి పేరుకుపోయిందండి. మట్టి కింద అదే నంబరు ఉంటుంది, ఎక్కడికి పోతుంది?"

డబ్బా మర్నాడు వచ్చింది. కొలిచి కుట్టిన జాకెట్టులా కూర్చుంది. ఒక్క బోల్టు రంధ్రం కూడా పక్కకు పోలేదు. బండి తీసి చూస్తే చప్పుడనేది లేదు. మాస్టరు సంతోషం పట్టలేక మేళాన్ని పిలిచి షెడ్డు ముందు నిలబెట్టి పెళ్లి పాట ఒకటి వాయించాడు. పక్క హోటలు ఆయన బయటికి వచ్చి, పెళ్లికొడుకు ఎవరని అడిగాడు. నేను వ్యానును చూపించాను.

తిరుమలగిరిలో ఒక పెళ్లి చేసుకొచ్చాక మాస్టరు మళ్లీ వచ్చాడు. ఈసారి చేతిలో క్లారినెట్ లేదు.

"మేస్త్రీ, బండి మంచిగనే ఉంది. సప్పుడు లేదు, ఆగుడు లేదు. కాని యాళ్లకు పోతలేం" అన్నాడు. "పెండ్లి పిల్లగాడు గుర్రమెక్కి, మా కోసం సూసి సూసి, దిగి టిఫిను జేసి, మల్ల ఎక్కిండట."

డ్రైవరు వెనకే నిలబడి ఉన్నాడు. "నేను అరవై మీదనే కొట్టిన" అన్నాడు.

మాస్టరుకు అనుమానం అతని మీదే. తోవలో ధాబాల దగ్గర ఆపి కూర్చుంటున్నాడని. ఆ మనిషి టీ కూడా తాగడు. అనుమానం పడ్డందుకు రెండు రోజులు మాస్టరుతో మాట్లాడలేదు. చివరికి మాస్టరే పక్క సీట్లో కాపలా కూర్చుని మిర్యాలగూడ పోయి వచ్చాడు. వచ్చి నా ముందు స్టూలు మీద కూలబడ్డాడు.

"ముల్లు అరవై మీదనే ఉన్నది మేస్త్రీ. నేను కండ్లార్పలే. యాడ ఆపలే. మరి ఊరు రాకపాయె."

"మిర్యాలగూడ జర దూరం జరిగినట్టుంది" అన్నాడు డ్రైవరు. నవ్వుతున్నాడేమో అని చూశాను. నవ్వడం లేదు. "రోడ్డు వెడల్పు జేసిన్రు గద మేస్త్రీ. వెడల్పు జేస్తే పొడుగు గూడ పెరుగుతది. ముందుకన్న కిలోమీటర్లు ఎక్కువ తిరుగుతున్నయ్, మీటరుల సూస్తున్న నేను."

ఆ మాటలో అసలు జవాబు ఉంది. నేను వినిపించుకోలేదు. రోడ్డు పొడుగు ఎలా పెరుగుతుందిరా అని నవ్వేసి, బ్రేకులు పట్టేస్తున్నాయని తేల్చాను. నాలుగు చక్రాలూ విప్పి బ్రేకులు సరిచేశాను. తేడా లేదు. డీజిలు సరిగ్గా అందడం లేదన్నాను. ఫిల్టరు మార్చాను, పైపులు ఊదాను. తేడా లేదు. ఇంజను బాగా అరుస్తోందని డ్రైవరు చెబితే, అది సైలెన్సరు తప్పన్నాను. కొత్త సైలెన్సరు పెట్టాక ఇంకా శుభ్రంగా అరిచింది. క్లచ్చు ప్లేటు మార్చాను. విప్పిన ప్లేటు ఇంకో రెండేళ్లు పనిచేసేలా ఉంది. నా షెడ్డులోనే ఇంకో బండికి వేసేశాను.

ఇంత చేసీ నాకు నా మీద నమ్మకం పోకపోవడానికి ఒక కారణం ఉంది. మార్చిన ప్రతిసారీ ఊళ్లో ఒక చుట్టు తిప్పి చూసేవాణ్ని. అబ్బ, ఏం లాగేది. ఫ్లైఓవరు ఎక్కేటప్పుడు మేళం మొత్తం, డోళ్లు, జనరేటరు లైట్లు వేసుకుని కూడా టాపు గేరులోనే ఎక్కేసేది. ముసలి బండికి ఇంత బలం నా చేతి చలవే అనుకున్నాను. నలుగురికీ చెప్పాను కూడా. మాస్టరు మాత్రం బండికి దిష్టి తగిలిందన్నాడు. ముందు నిమ్మకాయలు, మిరపకాయలు కట్టాడు. గుమ్మడికాయ కొట్టాడు. ఆలస్యం అలాగే ఉంది.

అప్పుడు వచ్చింది ఆ రోజు. పొద్దున కోదాడలో పెళ్లి, సాయంత్రం మిర్యాలగూడలో ఒక రైసు మిల్లు యజమాని కొడుకు బరాత్. ఆ మిల్లాయన మాట ఆ చుట్టుపక్కల పెళ్లిళ్లన్నిటికీ చెల్లుతుంది. ఆయన మెచ్చుకుంటే ఆ సీజనంతా పని. ఛీ అంటే బ్యాండు సామాను అమ్ముకోవలసిందే. మాస్టరు ముందురోజే వచ్చి చెప్పాడు: "మేస్త్రీ, రేపు నువ్వు గూడ బండ్ల కూసో. రెంచీలు, పానాలు తెచ్చుకో. ఏమైనా గానీ నన్ను యాళ్లకు ఆడ దించు."

కోదాడ పెళ్లి బాగానే జరిగింది. భోజనాల దగ్గర మా బామ్మర్ది కనిపించాడు. పట్టు లాల్చీ, మెడలో గొలుసు. వ్యాను సంగతి చెప్పి, నీ డబ్బా వేసినప్పటినుంచే ఈ గోల అన్నాను. అతను నొచ్చుకున్నాడు.

"బోల్టులన్నీ పడ్డాయా లేదా బావగారూ?"

"పడ్డయ్."

"నూనె కారుతుందా?"

"కారతలేదు."

"మరి నా సామాను మీద నింద ఏమిటండి? నేనూ వస్తాను, పదండి. కళ్లతో చూసి మాట్లాడుకుందాం."

అలా అతనూ ఎక్కాడు. నేను వెనక పెద్ద డ్రమ్ము పక్కన, అతను నా ఎదురుగా. మాస్టరు ముందు సీట్లో. హుజూర్‌నగర్ దాటాం. మిల్లాయన ఫోన్లు వస్తూనే ఉన్నాయి. ఎక్కడిదాకా వచ్చారో చెప్పడానికి డ్రమ్ము వాయించే అతను తన సెల్లులో మ్యాపు పెట్టుకుని కూర్చున్నాడు. కాసేపటికి అతను గొంతు సవరించుకున్నాడు.

"అన్నా, సెల్లు నలభై సూపెడుతుంది."

డ్రైవరు అద్దంలో అతన్ని చూశాడు. "ముల్లు అరవై మీదుంది."

"గదే అంటున్న. సెల్లు నలభై అంటుంది."

"సెల్లుకేం ఎరుక? అది నీ చేతుల కూసున్నది. చక్రాల సంగతి మీటరుకు తెలుస్తది."

ఇంతలో బస్తాలు వేసుకున్న ట్రాక్టరు ఒకటి మమ్మల్ని దాటిపోయింది. బస్తాల మీద కూర్చున్న మనిషి మా ఎర్రకోట్లను తీరిగ్గా, జాలిగా చూశాడు. తర్వాత మోపెడ్ మీద మొగుడూ పెళ్లాలు, మధ్యలో గడ్డిమోపు. ఆ తర్వాత, ఎత్తుగా స్పీకర్లు పేర్చుకున్న ఒక డీజే బండి. దాటుతూ మా పక్కన కాసేపు నడిచింది. అందులోవాళ్లు చేతులూపారు. మాస్టరు తల మీది టోపీ తీసి ఒళ్లో పెట్టుకున్నాడు. ఆయన ఫోను మోగింది.

"దగ్గరికే వచ్చినం సార్" అన్నాడు.

అవతల మిల్లాయన గొంతు మా అందరికీ వినపడింది. "ఆ మాట ఇందాక గూడ జెప్పినవ్."

నేను డ్రమ్ముకు ఆనుకుని ఆలోచించాను. మీటరు అరవై అంటోంది, సెల్లు నలభై అంటోంది. ట్రాక్టరు సెల్లు పక్షాన సాక్ష్యం చెప్పి పోయింది. మీటరుకు లెక్క వచ్చేది గేరుబాక్సు నుంచి. అంటే షాఫ్టు ఎన్ని చుట్లు తిరుగుతోందో అదే చెబుతుంది. సెల్లు చెప్పేది బండి నిజంగా రోడ్డు మీద ఎంత పోయిందో. షాఫ్టు సరిగ్గానే తిరుగుతోంది, చక్రాలు మాత్రం తక్కువ తిరుగుతున్నాయి. ఆ రెంటి మధ్య ఉన్నది ఒకే ఒక్క వస్తువు, కోదాడ నుంచి వచ్చిన డబ్బా.

తలెత్తి మా బామ్మర్దిని చూశాను. అతను కిటికీలోంచి వరి పొలాలు చూస్తున్నాడు. కోదాడలో పుట్టి పెరిగినవాడు వరి పొలాన్ని అంత ఆశ్చర్యంగా చూస్తుంటే నాకు నమ్మకం కుదిరిపోయింది.

గరిడేపల్లి ఇవతల బండి ఆపించాను. టైరుకు, షాఫ్టుకు సుద్దతో గీతలు పెట్టి బండి కిందికి దూరాను. ఎర్రకోట్ల వాళ్లందరినీ దిగి మెల్లగా నెట్టమన్నాను. టైరు ఒక్క చుట్టు తిరిగాక కేక వేయమని బామ్మర్దికి చెప్పాను. పాత డబ్బాతో అయితే చక్రం ఒక చుట్టు తిరగడానికి షాఫ్టు నాలుగు చుట్లు, ఇంకొంచెం తిరగాలి. నా కళ్ల ముందు నాలుగు దాటింది, అయిదు దాటింది, ఆరు దగ్గరికి వచ్చాక గాని బామ్మర్ది కేక వేయలేదు.

పడుకున్నచోటి నుంచే అడిగాను. "ఈ డబ్బా ఏ బండిది?"

అతను పట్టు లాల్చీతో వంగి నన్ను చూశాడు. "ఈ వ్యానుదే బావగారూ. కాకపోతే మనుషులెక్కేది కాదు, సరుకులు వేసేది."

"ఏం సరుకులు?"

లాల్చీ అంచు దులుపుకున్నాడు. "కంకరండి."

"కంకరా?"

"కంకరే. కానీ చాలా బాగా మోసేదండి, ఎంత ఎత్తయినా ఎక్కేసేది."

బరువు లాగడానికి చేసిన డబ్బా అది. బలం ఎక్కువ, వేగం తక్కువ. ఫ్లైఓవరు మీద నేను నా చేతి చలవ అనుకున్నది కంకర బండి చలవ. రోడ్డు మీద దాన్ని మార్చడం కుదరని పని. నేను బయటికి వచ్చి, బట్టలు దులుపుకుని సంగతంతా చెప్పాను. మీటరు చెప్పేది ఉత్తదే కాబట్టి, ముల్లును తొంభై దాకా తోలితే అసలు అరవై వస్తుందన్నాను.

మాస్టరు డ్రైవరు వైపు తిరిగాడు. "ఇన్నవ్ గద. తోలు ఇగ."

"నేను తోల" అన్నాడు డ్రైవరు. "అరవై దాటియ్య."

"అరే, అది అరవై కాదు. మేస్త్రి జెప్తుండు గద, మీటరు ఉత్తదని."

"ఉత్తదైనా ముల్లు ముల్లే. నేను ఒట్టేసింది ముల్లు మీద. స్పీడు మీద గాదు. మీకేం, మీరు జెప్పి పోతరు. ఇంటికాడ దానికేమన్న అయితే జవాబు జెప్పేది నేను."

మాస్టరు బతిమాలాడు. బామ్మర్ది తన మర్యాద మాటలతో నచ్చజెప్పబోయాడు. డ్రైవరు స్టీరింగు వదిలి చేతులు కట్టుకుని రోడ్డు పక్కన నిలబడ్డాడు. మనిషి మంచివాడు, అదే చిక్కు. పొద్దు వాలుతోంది. మాస్టరు ఫోను మళ్లీ మోగుతుంటే ఎత్తకుండా చూస్తూ నిలబడ్డాడు. ముప్పై ఏళ్లు పెళ్లిళ్లలో ముందు నడిచిన మనిషి, ఆ రోడ్డు పక్కన కోటు గుండీలు ఒక్కొక్కటే విప్పుకుంటున్నాడు. 

నేను మళ్లీ బండి కిందికి దూరాను. గేరుబాక్సు నుంచి మీటరుకు పోయే కేబులు విప్పి పక్కకు కట్టేశాను. వచ్చి డ్రైవరుతో అన్నాను. "ఇప్పుడు నడుపు. ముల్లు సున్న మీద నుంచి లేవదు."

అతను లోపలికి వంగి మీటరు చూశాడు. వేలితో దాని అద్దం మీద తట్టాడు. "సున్న అంటే అరవైకి లోపలనే గద" అన్నాడు.

"లోపలనే."

"మరి ఒట్టు తప్పనట్టే గద."

"బండి ఆగి ఉన్నట్టే లెక్క."

ఎక్కి కూర్చుని స్టీరింగుకు దండం పెట్టుకున్నాడు. వెనక్కి తిరిగి డ్రమ్మతనితో, "అరవై రాంగనే జెప్పు. గాడ ఆపుత" అన్నాడు. ఇంజను కేకలు పెట్టింది. డ్రమ్మతను బస్సు కండక్టరులా ఒక్కో అంకె చదువుతూ పోయాడు. అరవై అనగానే కాలు అక్కడే నిలిచింది, ఒక్క వెంట్రుకవాసి కూడా పెరగలేదు. నేరేడుచర్లలో ఆగి అప్పుడే మళ్లీ బయలుదేరిన ఆ ట్రాక్టరును దాటాం. బస్తాల మీద మనిషిని ఈసారి మేళం మొత్తం తీరిగ్గా చూసింది.

అయినా ఆలస్యమే అయింది. మేం మిర్యాలగూడ చేరేసరికి ఊరేగింపు సందులోకి వచ్చేసింది. ముందు మమ్మల్ని దాటిపోయిన ఆ డీజే బండే మోగుతోంది. దాని వెనక పూలు కట్టిన కొత్త కారు, కారులో పెళ్లికొడుకు. మిల్లాయన మాస్టరును చూసి వాచీ కూడా చూసుకోలేదు.

"రేపు పొద్దుగాల వస్తరేమో అనుకున్న" అన్నాడు. "డీజే ఉన్నది. మీరు బువ్వ తిని పోండ్రి."

 మేళమంతా వాయిద్యాలు పట్టుకుని గోడవారగా నిలబడింది. మా బామ్మర్ది మొదటిసారి తల దించుకున్నాడు.

అప్పుడు నా ముక్కుకు ఒక వాసన తగిలింది. కాలుతున్న క్లచ్చు వాసన. కారు నడుపుతున్నది పెళ్లికొడుకు చిన్నాన్న కొడుకు. సందులో అడుగడుగునా ఆపుతూ, సగం క్లచ్చు తొక్కి పట్టి కారును నడిపిస్తున్నాడు. ఆ నెలంతా నేను చేసిన నిర్ధారణల్లో ఒక్కటీ నిలవలేదు గాని, ఇది మాత్రం నిలిచింది. మిల్లాయన దగ్గరికి పోయి, "సార్, కారు ఆగిపోతది" అన్నాను. ఆయన నన్ను ఎగాదిగా చూసేలోపే కారు కింద నుంచి తెల్లటి పొగ లేచింది. పెళ్లికొడుకు దగ్గుతూ తలుపు తీశాడు. కారు ఆగింది, ఇక కదలలేదు.

డీజే వాళ్లకు కట్టి లాగమంటే వాళ్లు ఒప్పుకోలేదు. కుదుపు వస్తే స్పీకర్లు పడిపోతాయన్నారు. మిల్లాయన ఇంటి ఆడవాళ్లు అప్పుడే శకునాల గురించి మాట్లాడుకోవడం మొదలుపెట్టారు. పెళ్లికొడుకు నడిచి పోతే ఏం బాగుంటుంది అని ఒకరు, ఆటో ఎక్కిద్దామని ఒకరు. మా డ్రైవరు ఎవరినీ అడగలేదు. వ్యాను తెచ్చి కారు ముందు పెట్టాడు. నేనూ బామ్మర్దీ తాడు కట్టాం. డ్రైవరు మొదటి గేరు వేసి, రెండు కాళ్లూ పెడళ్ల మీద నుంచి తీసేశాడు.

వ్యాను కదిలింది. ముసలామె నడిచినంత నెమ్మదిగా, ఒక్క కుదుపు లేకుండా. తాడు బిగిసింది బిగిసినట్టే ఉంది. క్లచ్చు తొక్కే పని లేదు, బ్రేకు పని లేదు. కారులో పెళ్లికొడుకు తలపాగా మీది పూలు కూడా ఊగలేదు. మిల్లాయన కాసేపు పక్కన నడిచి చూశాడు. డీజే వాళ్లను ముందే ఫంక్షన్ హాలుకు పోయి కూర్చోమన్నాడు. తర్వాత గోడవార ఉన్న మాస్టరు వైపు చెయ్యి ఊపాడు.

మాస్టరు కోటు గుండీలు పెట్టుకున్నాడు. ఆ సందులో ఇక వేరే చప్పుడు లేదు, క్లారినెట్ ఒక్కటే పైకి లేచింది. వెనక డోళ్లు అందుకున్నాయి. ముందు మేళం, వెనక కంకర డబ్బా వేసిన వ్యాను, దాని వెనక తాడుతో పెళ్లికొడుకు. మేడల మీంచి జనం వంగి చూశారు. అంతవరకు శకునాలు లెక్కపెట్టిన పెద్దావిడ కొంగు దోపుకుని వచ్చి ముందు నాలుగు అడుగులు వేసింది. నేను తాడు పక్కన నడుస్తూ కళ్లు తుడుచుకున్నాను. పొగ వల్ల అని బామ్మర్దికి చెప్పాను.

హాలు దగ్గర మిల్లాయన నన్ను పిలిచి అడిగాడు. "గింత మెల్లగ ఎట్ల పోతది ఈ బండి? యాడ జేపిచ్చిన్రు?"

నేను నోరు తెరిచేలోపు మా బామ్మర్ది ముందుకొచ్చి నమస్కారం పెట్టాడు. "ఊరేగింపుల కోసం స్పెషల్‌గా చేయించామండి."

సరైన డబ్బా తర్వాత దొరికింది. ఈసారి మట్టి గీకి నంబరు చూసి, షెడ్డులో పళ్లు కూడా నేనే లెక్కపెట్టుకున్నాను. పని నేర్చుకునేవాళ్లకు నేను చెప్పేది ఇదే. బోల్టు పడిందని మురిసిపోకండి, పళ్లు లెక్కపెట్టండి. కానీ మాస్టరు బండి తీసుకురాడే. ఎన్ని ఫోన్లు చేసినా రేపంటాడు, ఎల్లుండంటాడు. చివరికి ఒకరోజు వచ్చి సంగతి చెప్పాడు.

"మార్చకు మేస్త్రీ. ఇప్పుడు పెండ్లికొడుకు బండిని గుంజేది గూడ మనమే. బ్యాండు కావాల్నంటే బండి గూడ కావాల్నంటున్నరు. దూరం ఊరైతే జర ముందుగాల బయలెల్లుతం, గంతే."

ఆ ఆదివారం బామ్మర్ది మా ఇంటికి భోజనానికి వచ్చాడు. ఖమ్మం వైపు బ్యాండు వాళ్లెవరో ఫోన్ చేసి, అలాంటి కంకర డబ్బాలే ఇంకా ఉన్నాయా అని అడిగారట. అక్కకు వివరంగా చెబుతున్నాడు. "అసలు బావగారి కోసం నేను ఆలోచించే పంపానక్కా" అన్నాడు, నా కళ్లలోకి చూడకుండా.

మా ఆవిడ గిన్నె అడుగున ఉన్న మంచి మటన్ ముక్కలన్నీ ఏరి తమ్ముడి ప్లేటులో వేసింది. నా వైపు తిరిగి చారు పోసింది.